గబ్బిలానికి గుడిలోకి దారి ఉంది, మన సూపర్‌హీరోకి గుడి బయట దారి లేదు

పోయిన భాగం మాల, మాదిగ పల్లెల శ్మశానాల దారి గురించి. ఈసారి సూపర్‌హీరో సినిమాల మీద రాస్తున్నానంటే ఒక పెద్దాయన ఫోన్ చేసి "ఏమయ్యా, ఆటవిడుపా?" అన్నారు. ఆటవిడుపు కాదండీ. ఏ దారిన ఎవరు నడవొచ్చు, ఏ శక్తి ఎవరికి రావొచ్చు అన్నదే రెండు చోట్లా గొడవ. చదివి చెప్పండి.

ముందే ఒక మాట. ఈ సినిమాలంటే నాకు చిన్నచూపు లేదు. శక్తిమాన్ కోసం పక్కింటి టీవీ ముందు చాప మీద కూర్చున్న తరం నాది. హిందీ ముక్క అర్థం కాకపోయినా, బయటికొచ్చి కళ్లు తిరిగి పడిపోయేదాకా గిరగిరా తిరిగేవాళ్లం. 2002లో స్పైడర్‌మ్యాన్ తెలుగులోకి వస్తే బెజవాడ వెళ్లి చూసొచ్చి, నెల రోజులు మణికట్టు విసురుతూ గోడలెక్కాం. ఇప్పటికీ కొత్త సూపర్‌హీరో సినిమా వస్తోందంటే మొదటి వారమే చూడాలి నాకు.

ఎందుకంత పిచ్చి? సూపర్‌హీరోకి రెండు పేర్లు, రెండు బతుకులు ఉంటాయి. మా డెల్టా పల్లెల్లో అది కొత్త సంగతి కాదు. చర్చి రిజిస్టర్లో ఒక పేరు, బడి సర్టిఫికెట్లో ఒక పేరు. బెజవాడలో అద్దె ఇంటికి వెళ్తే ఓనరమ్మ మంచినీళ్లిచ్చి, ఊరడిగి, నాన్న ఏం చేస్తారో అడిగి, చివర్లో "ఇంతకీ మీరు ఏమిట్లు?" అంటుంది. ఆ ప్రశ్న ముందు నిలబడ్డవాడికి క్లార్క్ కెంట్ కళ్లద్దాలు ఎంత బరువో తెలుస్తుంది. అసలు మనిషెవరో బయటపడితే ఇల్లు దొరకదు. స్పైడర్‌మ్యాన్ రెండో సినిమాలో పీటర్ పార్కర్ అద్దె కట్టలేక ఓనర్ కంటపడకుండా తిరుగుతుంటే హాల్లో అందరూ నవ్వారు. మాకు మాత్రం వీడు మావాడే అనిపించింది.

అలా అనిపించడం ఊరికే కాదు. సూపర్‌మ్యాన్‌ను సృష్టించిన జెర్రీ సీగెల్, జో షూస్టర్ వలస వచ్చిన యూదు కుటుంబాల పిల్లలు. క్లీవ్‌లాండ్‌లో హైస్కూలు స్నేహితులు. 1938లో యాక్షన్ కామిక్స్ మొదటి సంచికలో వాళ్ల హీరో అచ్చయ్యాడు. హక్కులు 130 డాలర్లకు అమ్ముకున్నారు, అది వేరే కథ. ఆ మొదటి సంచికలో సూపర్‌మ్యాన్ ఏం చేశాడో చూడండి. చేయని నేరానికి మరణశిక్ష పడ్డ మనిషిని కాపాడాడు. పెళ్లాన్ని కొట్టేవాడికి బుద్ధి చెప్పాడు. 1946లో అమెరికా రేడియో సీరియల్లో కూ క్లక్స్ క్లాన్‌ను పోలిన ముఠాతో తలపడ్డాడు. పుట్టిన గ్రహం పేలిపోయి, పరాయి నేల మీద, పరాయి రైతు ఇంట్లో పెరిగినవాడు. అతని బలం చూసినవాళ్లెవరూ నీ వంశమేది అని అడగలేదు.

ఆ 1938లోనే మన కృష్ణా జిల్లా మనిషి గూడవల్లి రామబ్రహ్మం "మాలపిల్ల" తీశారు. అంటే తెలుగు సినిమాకి ఈ ప్రశ్న తెలియక కాదు. తెలిసీ పక్కన పెట్టేసింది.

1980లో మనకూ ఒక "సూపర్‌మ్యాన్" వచ్చాడు. వి. మధుసూదనరావు దర్శకత్వం, ఎన్టీఆర్ హీరో. నిమ్మకూరు నుంచి వెళ్లిన రామారావు గారు ఆ డ్రెస్సులో ఎగురుతుంటే ఇప్పటి కుర్రాళ్లు యూట్యూబులో చూసి నవ్వుకుంటారు. నాకు ఆ సినిమా ఇష్టం. కానీ ఒకటి గమనించండి. పేలిపోయిన గ్రహం కథలోంచి పోయింది, దాని చోట్లో హనుమంతుడు వచ్చాడు. తల్లిదండ్రులను పోగొట్టుకున్న పిల్లాడికి శక్తి దేవుడి వరంగా దొరికింది.

నలభై నాలుగేళ్ల తర్వాత, 2024 జనవరి 12న, ప్రశాంత్ వర్మ "హనుమాన్" వచ్చింది. దాన్ని రీబూట్ అని తీసినవాళ్లు అనలేదు. నా లెక్కలో అది రీబూటే. దేవుడు అదే, వరం అదే, గ్రాఫిక్స్ మారాయి. పెద్ద హీరో లేకుండా, తక్కువ డబ్బుతో అంత పనితనం చూపించడం చిన్న విషయం కాదు. చిల్లర దొంగతనాలు చేసుకుంటూ తిరిగే కుర్రాడిగా తేజ సజ్జ బాగా చేశాడు. అంజనాద్రి అనే ఊరు, ఊరిని పీల్చుకుతినే గజపతి, ఎవరూ లెక్కచేయని ఒక కుర్రాడు. ఇన్నాళ్లకి మన ఊరి దొర మీదికి మన ఊరి సూపర్‌హీరో వస్తున్నాడని కళ్లప్పగించి చూశాను.

తర్వాత నాకు నిరాశ మొదలైంది. గజపతి గొడవ సగం కథకే పక్కకు జరిగిపోయింది. అసలు శత్రువు బయటి నుంచి వచ్చాడు. అతని పేరు మైఖేల్. వరం లేనివాడు, సైన్సుతో శక్తి తయారు చేసుకోవాలని చూసేవాడు. హీరో హనుమంతు, అతని శక్తి హనుమంతుడి రక్తపు చుక్క నుంచి పుట్టిన రుధిరమణి. కష్టపడి ప్రయోగశాలలో సంపాదించబోయినవాడు విలన్, దేవుడి రక్తం దొరికినవాడు హీరో. మైఖేలు, దావీదు, ఏసుపాదం, మరియమ్మ అని పేర్లున్న పేటల్లో పెరిగిన పిల్లలు ఆ హాల్లో ఎవరివైపు కూర్చోవాలి? కథలో మైఖేల్ దళితుడని నేననడం లేదు. సూపర్‌హీరో కావాలన్న ఆశతో పెరిగినవాడి నెత్తిన ఆ పేరే పెట్టాలని ఎందుకు తోచింది అని అడుగుతున్నాను. ఇంకోటి. ఆ అంజనాద్రికి వాడ ఉందా? ఉంటే ఎటు పక్క? బావి ఎవరిది, శ్మశానం ఎవరిది? సినిమా మొత్తం వెతికాను, కనపడలేదు.

టికెట్టుకి 5 రూపాయలు అయోధ్య గుడికి ఇస్తామని సినిమావాళ్లు ప్రకటించారు. ఎవరి భక్తి వాళ్లిష్టం. జనవరి 19న బెజవాడ స్వరాజ్ మైదానంలో 81 అడుగుల పీఠం మీద 125 అడుగుల అంబేడ్కర్ విగ్రహం ఆవిష్కరించారు. 22న అయోధ్యలో ప్రాణప్రతిష్ఠ. ఊళ్లో విగ్రహం చూసి, హాల్లో సినిమా చూసి, టీవీలో గుడి చూసిన వారాలవి. నా ప్రశ్న ఒక్కటే. శక్తి అంతా గుడి నుంచే పుడితే, ఆ గుడి గడప ఇవతల ఆపేసిన మనిషికి అది ఎట్లా చేరుతుంది?

ఈ ప్రశ్న నాది కూడా కాదు, జాషువాది. 1941లో "గబ్బిలం" రాశాడు. తంజావూరి అరుంధతీయుడు రాత్రిపూట తన గుడిసెలోకి వచ్చిన గబ్బిలంతో తన గోడు చెప్పుకుని, కాశీ విశ్వనాథుడి చెవిన వేయమని పంపుతాడు. గబ్బిలానికి గుడిలోకి దారి ఉంది, ఆ మనిషికి లేదు. క్లాసులో ఇది చెబుతుంటే వెనక బెంచీ నుంచి ఒకడు "సార్, బ్యాట్‌మ్యాన్!" అన్నాడు. క్లాసంతా నవ్వింది, నేనూ నవ్వాను. కానీ ఇంటికి వెళ్లేదాకా అదే ఆలోచన. అక్కడ బ్యాట్‌మ్యాన్ 1939లో పుట్టాడు, కోటీశ్వరుడి కొడుకు. ఇక్కడ రెండేళ్ల తర్వాత ఒక పేదవాడూ ఒక గబ్బిలమూ ఒకే చూరు కింద మాట్లాడుకున్నారు. అంతకన్నా గొప్ప సూపర్‌హీరో ఆరంభం ఏ కామిక్‌లో ఉంది? ఎనభై ఏళ్లు దాటింది. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు.

ఒక్క హనుమాన్ సంగతే అయితే ఇంత రాసేవాణ్ణి కాదు. "కల్కి 2898 ఏడీ"లో డబ్బు కోసం వేటాడుతూ తిరిగే భైరవ ఎంతో సరదాగా ఉంటాడు. చివరికి అతను కర్ణుడని తేలుతుంది. కర్ణుడి కథే చూడండి. సూతుడి ఇంట్లో పెరిగి, కులం పేరుతో మాటలు పడి, ఆఖరికి అతనూ రాజకుమారుడే. అనాథగా మొదలైన హీరో జమీందారు కొడుకుగా తేలడం మన సినిమాకి పాత అలవాటు. సూపర్‌హీరోకి దాన్నే కొంచెం పైకి లాగారు, జమీందారు బదులు పురాణపురుషుడు.

2025 సెప్టెంబర్ 12న వచ్చిన "మిరాయ్" నన్ను ఇంకా బాధపెట్టింది. ఎందుకంటే అది అశోకుడితో మొదలవుతుంది. కళింగ యుద్ధం తర్వాత అశోకుడు దాచిపెట్టించిన తొమ్మిది గ్రంథాలు, వాటికి కాపలా వీరులు. అమరావతి, భట్టిప్రోలు, ఘంటసాల స్తూపాల మధ్య బతికే మాకు ఈ కథ ఎంత దగ్గరిదో చెప్పక్కర్లేదు. 1956లో అంబేడ్కర్ బౌద్ధం తీసుకోవడానికి ఎంచుకున్నదే అశోక విజయదశమి. కానీ కథ నడిచి నడిచి, గ్రంథాలను కాపాడాల్సిన ఆయుధం రాముడి దగ్గర తేలింది. అశోకుణ్ణి పిలిచారు గానీ, ఆయన కత్తి ఎందుకు కింద పెట్టాడో మాత్రం అడగలేదు.

"సినిమాని సినిమాగా చూడొచ్చుగా, పిల్లల సినిమాలో కులమేంటి" అని కామెంట్లు వస్తాయని తెలుసు. ఈ డెల్టాలో సినిమా హాలు ఎప్పుడూ ఉత్త సినిమా హాలు కాదు. 1991 జులైలో హాల్లో ఒక దళిత విద్యార్థి కాలు ముందు సీటు రెడ్ల కుర్రాడికి తగిలింది. ఆ గొడవ పెరిగి పెరిగి ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితులను నరికి చంపేదాకా వెళ్లింది. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది. మనం హాల్లో కాళ్లు చాపుకుని కూర్చోవడానికే ఇంత ఖరీదు కట్టినవాళ్లం. తెర మీద ఎవరు ఎగరాలో అడిగే హక్కు మనకు లేదా?

వేరేలా తీయొచ్చా అంటే, తీశారు. పక్కనే కేరళలో. "మిన్నల్ మురళి"లో పిడుగు ఒక దర్జీ కుర్రాడి మీద పడింది, టీ కొట్టులో పనిచేసే ఒక వెలివేతగాడి మీదా పడింది. పిడుగు కులం చూడదు. ఊరు చూస్తుంది, అందుకే ఒకడు హీరో అయ్యాడు, ఒకడు విలన్ అయ్యాడు. 2025లో "కొత్త లోక" పేరుతో తెలుగులోకి వచ్చిన సినిమా చూడండి. గుడిని మైలపరిచారన్న కోపంతో రాజు ఒక గూడెం మనుషులను చంపిస్తాడు. తప్పించుకున్న పిల్లకి గుహలో గబ్బిలాల వల్ల శక్తి వస్తుంది. గుడి, వెలి, గబ్బిలం. జాషువాని చదివారో లేదో నాకు అనవసరం. ఆ మూడూ కలిపితే జనం చూస్తారని మలయాళం వాళ్లు రుజువు చేశారు. తెలుగువాళ్లూ డబ్బింగులో టికెట్టు కొని చూశారు. జనం ఒప్పుకోరు అన్న సాకు ఇక చెల్లదు.

దేవుడి సినిమాలు తీయొద్దని నేననడం లేదు. తీసుకోండి, "జై హనుమాన్" కూడా ప్రకటించారు, నేను మళ్లీ మొదటి వారమే వెళ్తాను. అడిగేది ఇంతే. శక్తికి ఇంకో పుట్టుక కూడా ఉండనివ్వండి. అది మురుగుకాలవ పక్క నుంచి, ఇటుకబట్టీ నుంచి, హాస్టలు గది నుంచి రావొచ్చు. ఆ పిల్లకి మరియమ్మ అనే పేరు ఉండొచ్చు. మొదటి పోరాటం ఊరి గజపతితోనే మొదలై, చివరిదాకా అతనితోనే నడవొచ్చు.

ఇది చదివే మన కుర్రాళ్లకి, ముఖ్యంగా షార్ట్ ఫిల్మ్‌లు తీసేవాళ్లకి ఒక పని. ఈ వారం గబ్బిలం చదవండి, చిన్న పుస్తకమే. చదివి, ఆ గబ్బిలం గుడి నుంచి తిరిగి వచ్చాక ఏం జరిగి ఉంటుందో రెండు పేజీలు రాసి నాకు పంపండి. బాగున్నవి వచ్చే భాగంలో ఇక్కడే పెడతాను.

జై భీమ్.