స్లిథర్ ఏమీ అనలేదట!

"స్లిథర్ నడిపి చూశామండీ, ఒక్క హై కూడా రాలేదు." స్మార్ట్ కాంట్రాక్టులు రాసే కుర్రాళ్ళ నోటివెంట ఈ మాట ఈ మధ్య తెగ వినపడుతోంది. వాళ్ళు పైకి చెప్పని ముక్క ఇంకోటుంది: కాబట్టి మా కోడ్ భద్రం అని. నా పేచీ అంతా ఆ "కాబట్టి"తోనే.

మనవాళ్ళకిది పాత అలవాటే లెండి. జావా ప్రాజెక్టుల్లో సోనార్ తెర మీద ఎరుపు పోయి పచ్చ వచ్చేదాకా కిందామీదా పడతాం. వచ్చిందా, క్లయింటుకి స్క్రీన్‌షాట్ కొట్టి చేతులు దులుపుకుంటాం. అక్కడ అది ఎలాగోలా చెల్లిపోయింది. ఏదైనా పేలితే రాత్రికి రాత్రి ప్యాచ్ వేస్తాం, డేటాబేసులో నాలుగు వరుసలు సరిచేస్తాం, తెల్లారేసరికి సారీ చెప్తూ ఒక మెయిల్ వెళ్తుంది. ఇథీరియం మీద ఆ తెల్లారడం ఉండదు. కోడ్ అందరికీ కనపడుతూ ఉంటుంది, డబ్బు ఆ కోడ్ చేతిలోనే ఉంటుంది. మార్చుకునే ఏర్పాటు ముందే చేసుకుంటే తప్ప, ఒకసారి ఎక్కించాక అక్షరం కూడా కదపలేం. పోయిన సొమ్ము గురించి ఫోన్ చెయ్యడానికి కస్టమర్ కేర్ అనేది లేదు.

ముందుగా ఒకటి ఒప్పుకోవాలి. స్లిథర్ చాలా మంచి పనిముట్టు. ట్రెయిల్ ఆఫ్ బిట్స్ అనే అమెరికన్ కంపెనీ వాళ్ళు పైథాన్‌లో రాసి 2018లో అందరికీ ఉచితంగా వదిలారు. పిప్‌తో ఎక్కించుకుని, ప్రాజెక్టు ఫోల్డర్లోకి వెళ్ళి, స్లిథర్ అని కొట్టి ఒక ఖాళీ వదిలి చుక్క పెడితే చాలు. సాలిడిటీ కోడ్‌ని తనకి అర్థమయ్యే ఒక మధ్యభాషలోకి మార్చుకుని, తొంభైకి పైగా డిటెక్టర్లతో జల్లెడ పట్టి, కొన్ని సెకన్లలో జాబితా మీ ముందు పడేస్తుంది. ఎరుపుంటే ప్రమాదం, పసుపుంటే ఓ చూపు చూడు, ఆకుపచ్చుంటే వీలున్నప్పుడు చూడు అని. కోడ్‌ని అసలు నడపకుండానే ఇదంతా.

దాని బలం తెలియాలంటే డావో కథ చూడాలి. 2016 జూన్ 17న డావో అనే ఉమ్మడి పెట్టుబడి కాంట్రాక్టులోంచి సుమారు 36 లక్షల ఈథర్ బయటికి వెళ్ళిపోయింది. కారణం ఒక వరస తప్పు. మన బ్యాంకులో క్యాషియర్ ముందు డబ్బిచ్చేసి తర్వాత పద్దు రాస్తాడనుకోండి. పద్దు రాసేలోపే అదే మనిషి మళ్ళీ కౌంటర్లోకి చెయ్యి పెట్టి, "నా ఖాతాలో డబ్బుంది, ఇవ్వు" అంటే? పుస్తకం ప్రకారం ఉన్నట్టే కదా, మళ్ళీ ఇస్తాడు. మళ్ళీ, మళ్ళీ... దీన్నే రీఎంట్రన్సీ అంటారు. ఆ డబ్బు వెనక్కి తేవడానికి జులై 20న ఏకంగా గొలుసునే చీల్చాల్సి వచ్చింది. చీలికని ఒప్పుకోనివాళ్ళు నడుపుతున్నదే ఇథీరియం క్లాసిక్. ఇలా "డబ్బు ముందు, పద్దు తర్వాత" అన్న రూపం ఉన్న తప్పుని స్లిథర్ చాలాసార్లు చిటికెలో పట్టేస్తుంది. అప్పట్లో అది లేదు, ఉండి ఉంటే బావుండేది.

రూపం ఉన్న తప్పు అన్నాను. అసలు మెలిక అక్కడే ఉంది. తప్పుకి ఒక రూపం ఉంటేనే యంత్రం దాన్ని పట్టుకోగలదు.

2023 మార్చి 13న యూలర్ ఫైనాన్స్‌లో సుమారు 19.7 కోట్ల డాలర్లు పోయాయి. అది అప్పులిచ్చే కాంట్రాక్టు. తాకట్టు పెట్టి అప్పు తీసుకోవచ్చు. మీరు ఏ లావాదేవీ చేసినా చివర్లో మీ తాకట్టు మీ అప్పుకి సరిపోతోందా లేదా అని ఒక ఫంక్షన్ లెక్క చూస్తుంది. డబ్బు వెనక్కి తీసుకునేటప్పుడు చూస్తుంది, ఇంకొకరికి బదిలీ చేసేటప్పుడు చూస్తుంది. అయితే తర్వాత ఒక కొత్త ఫంక్షన్ చేర్చారు. ఎవరైనా తమ సొమ్ముని సంస్థ నిల్వలకి దానం చెయ్యదలిస్తే చెయ్యొచ్చు, అంతే దాని పని. అందులో లెక్క చూసే పిలుపు పెట్టలేదు. పాపం, దానం చేసేవాడి దగ్గర లెక్కలడుగుతామా :)

దొంగకి అదే కావలసింది. ఫ్లాష్ లోన్ తెచ్చి, దాని మీద బోలెడంత అప్పు పేర్చి, తాకట్టులో పెద్ద భాగం దానం చేసేశాడు. ఇప్పుడు వాడి ఖాతా వాడంతట వాడే దివాలా తీసింది. దివాలా తీసిన ఖాతాలోని తాకట్టుని చవకగా కొనుక్కోవచ్చన్నది నియమం. కొన్నదెవరు? వాడిదే ఇంకో కాంట్రాక్టు! (ఆ తర్వాత కొన్ని వారాల్లో రాబట్టగలిగిన సొమ్ములో దాదాపు అంతా తిరిగిచ్చేశాడు. అది వేరే కథ.)

ఆ దానం ఫంక్షన్‌ని లైను లైనుగా చదవండి. ప్రతి లైనూ సరైనదే. కూడికలు సరిగ్గా ఉన్నాయి, తీసివేతలు సరిగ్గా ఉన్నాయి, వరస సరిగ్గా ఉంది. తప్పు ఉన్నది రాయని లైనులో. అప్పున్నవాడు తాకట్టు తగ్గించుకోకూడదు అన్న నియమం యూలర్ వాళ్ళ బుర్రల్లో ఉంది, స్లిథర్‌కి ఎవరూ చెప్పలేదు. చెప్పకపోతే దానికెలా తెలుస్తుంది? అది సాలిడిటీ వ్యాకరణం చదువుకుంది గానీ మీ వ్యాపారం చదువుకోలేదు. యూలర్ కోడ్‌కి మనుషులు చేసిన ఆడిట్లు కూడా ఒకటికి మించే జరిగాయి, కాబట్టి పనిముట్టు ఒక్కదాన్నే ఆడిపోసుకోవడం అన్యాయం.

2022 ఆగస్టు 1న నోమాడ్ బ్రిడ్జిది ఇంకో తరహా. అప్‌గ్రేడ్ చేస్తూ "నమ్మదగిన విలువ" అన్నచోట సున్నా పెట్టారు. ఎవరూ రుజువు చెయ్యని సందేశానికి మామూలుగానే ఉండే విలువా సున్నాయే. అంటే రుజువు లేని ప్రతి సందేశమూ నమ్మదగినదైపోయింది. ఒకడు మొదలుపెడితే మిగతావాళ్ళు వాడి లావాదేవీనే కాపీ కొట్టి, చిరునామా మాత్రం తమది పెట్టుకుని, సుమారు 19 కోట్ల డాలర్లు ఖాళీ చేశారు. కోడ్ తెలియనివాళ్ళు కూడా చెయ్యగలిగిన దోపిడీ! కొంప ముంచింది ఒక కోడ్ లైను కాదు, ఎక్కించేటప్పుడు ఇచ్చిన ఒక విలువ.

అయితే స్లిథర్ దండగ అంటావా అని మీరడగొచ్చు. అబ్బే, నేననేది దానికి పూర్తిగా వ్యతిరేకం. మనవాళ్ళు అందులో సగమే వాడుతున్నారని నా బాధ. డిటెక్టర్లు కాకుండా అందులో ప్రింటర్లు అనేవున్నాయి. వాటి గురించి మాట్లాడేవాళ్ళు తక్కువ. ఫంక్షన్-సమ్మరీ అనే ప్రింటర్ నడిపితే ప్రతి ఫంక్షనూ ఏ చరరాశిని చదువుతుంది, దేన్ని రాస్తుంది, లోపల ఎవర్ని పిలుస్తుంది అన్నీ పట్టికలో పెట్టి చూపిస్తుంది. యూలర్ లాంటి కోడ్ మీద ఆ పట్టిక ముందేసుకుని కూర్చుంటే, నిల్వలు మార్చే ఫంక్షన్లలో లెక్క చూసే పిలుపు ఎక్కడ లేదో కంటికి ఆనే అవకాశముంది. ఇక్కడెందుకు లేదు అని అడగాల్సింది మాత్రం మనిషే.

వార్స్-అండ్-ఆథ్ అని ఇంకో ప్రింటరుంది. ఏ ఫంక్షన్ ఏ విలువని మారుస్తుంది, పిలిచినవాడు ఎవడో చూసే షరతు ఏమైనా ఉందా అన్నది చెప్తుంది. 2017 నవంబరులో ప్యారిటీ వాలెట్ల లైబ్రరీ కాంట్రాక్టు విషయంలో జరిగింది గుర్తుందా? ఎవరో దారినపోయేవాడు ఇంకా ఎవరూ సొంతం చేసుకోని ఆ కాంట్రాక్టుకి తనని తాను యజమానిగా రాసుకున్నాడు, తర్వాత దాన్ని చంపేశాడు. దాని మీద ఆధారపడిన వాలెట్లలో 5 లక్షల 13 వేలకి పైగా ఈథర్ బిగుసుకుపోయింది. యజమానుల్ని రాసే ఫంక్షన్ ఎదురుగా ఆ షరతు గడి ఖాళీగా ఉంటే ఎవరైనా ఆగి చూస్తారు కదా. ఇలా రెండు మూడు లావాదేవీలు వరసగా కలిస్తే వచ్చే ముప్పుని వెతకడానికి మిత్రిల్ అనే ఇంకో కమాండ్ లైన్ పనిముట్టుంది. అది కాంట్రాక్టుని సంకేతాలతో నడిపి చూస్తుంది, అందుకే నెమ్మది. కాఫీ తాగి రావచ్చు, ఒక్కోసారి భోజనం కూడా. మీ నియమాల్ని మీరే రాసిచ్చి, వాటిని విరగ్గొట్టమని యాదృచ్ఛిక పిలుపుల్ని గుప్పించడానికి ఎకిడ్నా ఉంది. నా మటుకు నాకు ఈ మూడింట్లో ఎకిడ్నాకి రాసుకునే ఆ నాలుగు నియమాలే అన్నిటికంటే విలువైనవి. అవి రాయడానికి కూర్చుంటే "అసలు మన కాంట్రాక్టు ఏం చెయ్యకూడదు" అని టీమంతా మాట్లాడుకోక తప్పదు.

ఇంక స్లిథర్‌ని విడుదలకి ముందురోజు నడపడమనే ఆచారం ఒకటుంది. మూడు నెలల కోడ్ మీద ఒకేసారి నడిపితే రెండొందల హెచ్చరికలొస్తాయి. వాటిలో పేర్లలో పెద్దక్షరం చిన్నక్షరం గొడవలు, లైబ్రరీల్లోంచి వచ్చే కంపైలర్ వెర్షన్ గొడవలే ఎక్కువ. ఆ చెత్తలో అసలుది ఉన్నా కనపడదు. మొదటి రోజునుంచే, ప్రతి కమిట్‌కీ నడిపి, ఎరుపొస్తే బిల్డ్ ఆగేలా పెట్టుకుంటే రోజుకి ఒకటో రెండో వస్తాయి, అవి చదవొచ్చు. ఒకదాన్ని వదిలెయ్యాలనుకుంటే ఆ లైను పైనే వ్యాఖ్య పెట్టి ఆపే వీలుంది. పక్కన ఎందుకు ఆపారో ఒక వాక్యం రాయండి. ఆరు నెలల తర్వాత ఆ కోడ్ మార్చేవాడికి ఆ వాక్యమే దిక్కు.

అసలు కోడ్‌తో సంబంధం లేని దొంగతనాలు మరీ పెద్దవి. 2022 మార్చిలో రోనిన్ బ్రిడ్జిలో పోయింది తాళాలు దొంగ చేతికి చిక్కడం వల్ల. 2025 ఫిబ్రవరిలో బైబిట్‌లో సుమారు 150 కోట్ల డాలర్లు పోయింది సంతకం పెట్టేవాళ్ళకి తెర మీద ఒకటి చూపించి వేరేదాని మీద సంతకం పెట్టించడం వల్ల. వీటికి స్లిథర్‌ని అడిగి లాభం లేదు.

కొన్నాళ్ళ కిందట ఒక చిన్న కంపెనీ వాళ్ళు తమ కాంట్రాక్టు చూసి పెట్టమని రిపోర్టు పంపారు. హై సున్నా, మీడియం సున్నా. నేను రిపోర్టు పక్కన పెట్టి, స్లిథర్ కాన్ఫిగ్ ఫైలు పంపమన్నాను. రెండు రోజులు పట్టింది రావడానికి. తెరిస్తే, నడపకూడని డిటెక్టర్ల జాబితాలో ఈథర్ రీఎంట్రన్సీ ఉంది. ఎవరు పెట్టారంటే ఎవరికీ తెలీదు. ఎప్పుడో డెమోకి ముందు బిల్డ్ పచ్చగా కనపడటానికి పెట్టి ఉంటారట, పెట్టినతను వేరే కంపెనీకి వెళ్ళిపోయాడట. ఆ ఒక్క పేరూ తీసేసి మళ్ళీ నడిపితే రెండు ఎర్రవి వచ్చాయి. అందులో ఒకటి ఉత్త అనుమానమే. రెండోది మాత్రం డబ్బు వెనక్కిచ్చే ఫంక్షన్, పద్దు తర్వాత రాస్తోంది. సరిచెయ్యడానికి రెండు లైన్లు పైకీ కిందకీ మార్చాం, దానికి పది నిమిషాలు కూడా పట్టలేదు.