నెల తప్పినంక కాదు, ముందే ఇయ్యాలె ఆ గోళి

2025 సెప్టెంబర్‌ల అమెరికా సర్కారు ల్యూకోవొరిన్ అనే పాత మందు గురించి పెద్ద ప్రకటన చేసింది. ఆటిజం లక్షణాలున్న కొంతమంది పిల్లలకు పనికొస్తదన్నరు. అది ఫోలేట్‌ల ఒక రూపం. మెడికల్ షాపులల్ల ‘మిథైల్ ఫోలేట్’ అని రాసున్న డబ్బాలు గూడ అమ్ముతున్నరు. మామూలు ఫోలిక్ యాసిడ్ ఒంటికి పట్టదు, ఇదే అసలైందని చెప్పేటోళ్లున్నరు. మరి ఆశక్క ఫ్రీగ ఇచ్చే గోళి దండగేనా? ఈ మాట నన్ను చాలామంది అడిగిండ్రు. నేను డాక్టర్ను కాదు, చదివింది గూడ తక్కువే. కానీ ఊర్లల్ల తిరిగే పని నాది, అడిగినోళ్లకు జవాబు చెప్పాలె గనుక కూసోని చదివిన.

ఫోలేట్ అంటే బి విటమిన్లల్ల ఒకటి. పేరు ఒకటే గానీ రూపాలు వేరు. తోటకూర, పాలకూర, పెసర్లు, శెనగలు, కార్జం... వీటిల్ల ఉండే ఫోలేట్‌కు పొడుగు తోక ఉంటది. పేగులల్ల ఆ తోక తెగితేనే లోపటికి పోతది. పైగా అది నీళ్లల్ల కరుగుతది, మంటకు చెడుతది. కూర ఉడకబెట్టి నీళ్లు పారబోస్తే మంచి మాల్ మోరీల పోసినట్టే.

గోళిల ఉండేది ఫోలిక్ యాసిడ్. ఇది ఫ్యాక్టరీల తయారైతది. గట్టి పిండం, ఏండ్లు నిల్వ ఉంటది, తిండిల దానికంటే మంచిగ ఒంటికి పడ్తది. కానీ ఉన్నది ఉన్నట్టు పని చెయ్యదు. కార్జం దాన్ని మెల్లమెల్లగ మార్చి మిథైల్ ఫోలేట్ చేస్తది. రక్తంల తిరిగేది, మెదడుకు చేరేది ముఖ్యంగ ఈ రూపమే. కొందరిల ఎంటీహెచ్ఎఫ్ఆర్ అనే జన్యువు తేడా ఉండి ఈ మార్పు కొంచెం తగ్గుతది. షాపోళ్లు పట్టుకున్నది ఈ ముక్కనే. అయితే ఆ తేడా బాగ ఉన్నోళ్లల్ల గూడ, అంతే ఫోలిక్ యాసిడ్ తింటే రక్తంల ఫోలేట్ సుమారు 16 శాతమే తక్కువుంటది. గోళి పనిచెయ్యదనుడు అబద్ధం.

ఇంకో సంగతి. పుట్టబోయే బిడ్డ వెన్నుపూస, మెదడు లోపాలను ఆపుతదని మనుషుల మీద పరీక్షలు చేసి రుజువు చేసింది ఫోలిక్ యాసిడ్‌నే. ఏడు దేశాలల్ల చేసిన బ్రిటన్ ఎంఆర్‌సీ అధ్యయనం 1991ల అచ్చైంది. అంతకుముందు అట్లాంటి కాన్పు అయిన తల్లులకు రోజుకు 4 మిల్లీగ్రాములు ఇస్తే, మళ్లీ అట్ల అయ్యే ముప్పు 72 శాతం తగ్గింది. మిథైల్ రూపానికి అసొంటి రుజువు లేదు. ఫ్రీగ వచ్చేదానికి రుజువున్నది, పైసలు పెట్టి కొనేదానికి లేదు. మన దేశంల ఇది కొత్త ముచ్చటేం కాదు గానీ చెప్పక తప్పదు.

అమెరికా ప్రకటన సంగతి వేరు. కొందరు పిల్లలల్ల రక్తంల ఫోలేట్ సక్కగనే ఉంటది, మెదడు లోపటికి మాత్రం పోదు, ఎందుకంటే ఆ దర్వాజ మూసుకపోయి ఉంటది. ల్యూకోవొరిన్ ఇంకో దర్వాజ నుంచి పోతది. అసొంటి పిల్లలకు అది నిజమైన మందే. కానీ ఆటిజం ఉన్న పిల్లలందరికీ అని ఎవరన్న అమ్మితే నమ్మకుండ్రి.

ఈ కథల మన తెలుగాయన ఉన్నడు. భీమవరంల పుట్టిన యెల్లాప్రగడ సుబ్బారావు. అమెరికాల లెడర్లీ కంపెనీల ఆయన టీం 1945ల ఫోలిక్ యాసిడ్‌ను తయారు చేసింది. అంతకుముందు 1931ల లూసీ విల్స్ అనే డాక్టరమ్మ బొంబాయి గర్భిణుల రక్తహీనత మీద పరిశోధన అచ్చేసింది. బట్టల మిల్లులల్ల పనిచేసే ఆడోళ్లు ఆమె చూసినోళ్లల్ల ఉన్నరు. ఈస్ట్ సారం ఇస్తే వాళ్లు తేరుకున్నరు. ఆ సారంల పనిచేసింది ఫోలేటేనని తర్వాత తెలిసింది. అంటే ఈ జ్ఞానం మన పేద ఆడోళ్ల రక్తం నుంచే మొదలైంది.

మరి ఆ ఆడోళ్ల మనవరాండ్లకు ఏమందుతున్నది?

బిడ్డ వెన్ను, మెదడు తయారయ్యే నాడీ నాళం గర్భం నిలిచిన 28 రోజులల్లనే మూసుకుంటది. నెల తప్పిందని ఆమెకు తెలిసేసరికే ఆ పని సగం అయిపోతది. దవాఖానల పేరు రాయించుకొని గోళీల పట్టీ చేతికొచ్చేసరికి రెండో నెల, మూడో నెల. ఆ గోళి తల్లి రక్తానికి పనికొస్తది, వేసుకోవాల్సిందే. కానీ వెన్ను కోసమైతే గడువు దాటింది. పెండ్లి అయినంక, గర్భానికి ముందు రోజుకు 400 మైక్రోగ్రాములు వేసుకోవాలని ఎనీమియా ముక్త్ భారత్ కాయితంలనే ఉన్నది. కొత్త కోడలిని పిలిచి ఆ గోళి చేతిల పెట్టిన ఊరు నాకైతే కనిపించలే.

వారానికొకటి ఇచ్చేదాని లెక్క సూడుండ్రి. పదేండ్లు నిండిన బడి పిల్లలకు, ఆడోళ్లకు ఇచ్చే వారపు గోళిల ఐరన్ 60 మిల్లీగ్రాములు, ఫోలిక్ యాసిడ్ 500 మైక్రోగ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వారపు గోళిల ఉండాలన్నది 2,800. ఐదో వంతు గూడ కాదు. ఫోర్టిఫైడ్ బియ్యంల కిలోకు 75 నుంచి 125 మైక్రోగ్రాములు ఉండాలని నియమం. మనిషికి నెలకు ఆరు కిలోలంటే రోజుకు 15 నుంచి 25 వస్తది. బియ్యంతోనే అయితదనుకుంటే కాదు.

ఫోలేట్ ఒక్కటే తింటే గూడ సరిపోదు. బి12 తక్కువున్నోళ్లకు ఎక్కువ ఫోలిక్ యాసిడ్ ఇస్తే రక్తం బాగైనట్టు కనిపిస్తది, లోపట నరాలు మాత్రం చెడుతనే ఉంటయి. కాళ్లు తిమ్మిర్లు, మతిమరుపు వస్తయి. బి12 గుడ్డు, పాలు, మాంసంలనే ఉంటది. అంగన్‌వాడి గుడ్డు ఆగిన నెల కొట్లాడాల్సింది ఇందుకే.

పెండ్లి అయిన చెల్లెండ్లు, వాళ్ల మొగోళ్లు ఈ వారమే ఏఎన్ఎమ్‌ను అడుగుండ్రి: గర్భానికి ముందు వేసే 400 గోళి మా సబ్ సెంటర్‌ల ఉన్నదా, లేకపోతే ఇండెంట్ పెట్టిండ్రా అని. ఇంతకుముందు వెన్ను లోపంతోని బిడ్డ పుట్టిన ఇంటోళ్లకు, ఫిట్స్ కోసం వాల్‌ప్రోయేట్ వేసుకునే ఆడోళ్లకు ఆ 400 సాలదు. వాళ్లు గర్భం అనుకోకముందే డాక్టర్‌కు చెప్పాలె. ఫిట్స్ గోళి మాత్రం సొంతంగ బంద్ చెయ్యొద్దు.