డిగ్రీ తర్వాత దారి ఉందా?

జగ్గయ్యపేట, నందిగామల్లో బైపీసీ పాసైన ఆడపిల్లను పై చదువుకు పంపాలంటే ఇళ్ళల్లో ముందు అడిగేవి రెండే: ఫీజెంత, హాస్టలుందా? ఆ తర్వాత పీజీ చదవగలదా అన్నది పెళ్ళి మాటల్లో మరుగునపడుతుంది.

ఫిజీషియన్ అసిస్టెంట్ కోర్సు మన దేశంలో 1992లో మద్రాసులో మొదలైంది. 2021 నాటి అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం ఈ వృత్తిని గుర్తించింది. అంతమాత్రాన ప్రతి కాలేజీకీ గుర్తింపు వచ్చినట్టు కాదు. డిగ్రీ ఇచ్చే విశ్వవిద్యాలయం ఏది? ఇంటర్న్‌షిప్ ఏ ఆసుపత్రిలో, ఏయే విభాగాల్లో? స్టైపెండ్ ఉందా, లేక శిక్షణ పేరిట ఉచిత చాకిరీయేనా? ఆ డిగ్రీతో పీజీలో ఎక్కడ చేర్చుకుంటారు? జవాబులు కాగితం మీద తీసుకోవాలి.

ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీ చేతిలో పెట్టాక అడిగే బలం ఉండదు. అందుకే మన కార్యకర్తలు చేరికకు ముందే ఆ పిల్లతో కలిసి కాలేజీకి వెళ్ళాలి.