పేరు కలిస్తే మనిషి కలిసినట్టేనా?

కంప్యూటర్ అంటే ఒక గదిలో బల్ల మీద ఉండే యంత్రమని అనుకునే రోజులు గడిచిపోయాయి. రేషన్ డీలరు చేతిలోని ఈ-పాస్ యంత్రంలో, కూడలిలోని కెమెరాలో, బ్యాంకు ఖాతా వెనుక, మన జేబులోని ఫోనులో, అంతటా అదే. మనం దాని దగ్గరకు వెళ్లనవసరం లేదు, అదే మన దగ్గరకు వచ్చి కూర్చుంది. ఇలాంటి సమాజంలో సామాన్యుడి స్థానం ఏమిటన్న ప్రశ్నను ఇంజనీర్లకు వదిలేయడానికి వీల్లేదు. బియ్యం, పింఛను, పిల్లల స్కాలర్‌షిప్పు అన్నీ దానితో ముడిపడి ఉన్నాయి గనుక ప్రతి కుటుంబమూ ఆలోచించాలి.

ఈ ఊహకు రూపమిచ్చినవారు అమెరికా శాస్త్రవేత్త మార్క్ వైజర్. కాలిఫోర్నియాలోని జిరాక్స్ పరిశోధనశాలలో 1988 ప్రాంతంలో ఆయనకు ఈ ఆలోచన కలిగింది. 1991 సెప్టెంబర్‌లో ‘సైంటిఫిక్ అమెరికన్’ పత్రికలో రాసిన వ్యాసం ద్వారా దానిని లోకానికి వివరించారు. మంచి సాధనం కంటికి కనబడకుండా పని చేసిపెడుతుందని ఆయన వాదన. అందుకు ఆయన చూపిన ఉదాహరణ అక్షరం. వీధి బోర్డు మీదా, మిఠాయి పొట్లం మీదా అక్షరాలుంటాయి. చదువుకున్నవాడు అక్షరాన్ని చూస్తున్నానని అనుకోడు. విషయం నేరుగా బుర్రకెక్కుతుంది. కంప్యూటర్ కూడా అలా జీవితంలో కలిసిపోవాలని ఆయన కోరుకున్నారు.

ఉపాధ్యాయులుగా మేము ఈ ఉదాహరణకు ఒక మాట చేర్చదలచుకున్నాము. అక్షరం కనబడకుండా పోయేది చదువు వచ్చినవాడికే. చదువు రాని తల్లికి ఆస్పత్రిలో ప్రతి బోర్డూ ఒక గోడే. కంప్యూటర్ సంగతీ అంతే. వివరాలు సరిగ్గా జతపడినవాడికి అది కనబడదు. జతపడనివాడికి అడుగడుగునా అడ్డు తగులుతుంది. ఆ జతపడనివాడికి ఏ దారి మిగిలిందన్నదే ఇటువంటి సమాజానికి అసలు పరీక్ష.

జపాన్ నేర్పిన పాఠం

ఈ మార్గంలో అందరికంటే ముందు నడిచిన దేశాలలో జపాన్ ఒకటి. టోక్యో విశ్వవిద్యాలయానికి చెందిన కెన్ సకమూరా 1984లోనే ‘ట్రాన్’ పథకాన్ని ఆరంభించారు. ప్రతి వస్తువులోనూ చిన్న కంప్యూటర్ ఉండాలని, అవన్నీ ఒకదానితో ఒకటి మాట్లాడుకోవాలని ఆయన సంకల్పం. 2004లో జపాన్ ప్రభుత్వం ‘యు-జపాన్’ విధానాన్ని ప్రకటించి, 2010 నాటికి ఎప్పుడైనా, ఎక్కడైనా, ఎవరికైనా, ఏ వస్తువుతోనైనా సంబంధం కుదరాలని లక్ష్యంగా పెట్టుకుంది. కోబే నగరంలో కాలిబాట పలకల్లో చిప్పులు అమర్చి, అంధులకు చేతికర్ర ద్వారా దారి తెలిసేలా ప్రయోగాలు కూడా చేశారు. మెచ్చుకోదగిన పని.

అంతటి సాంకేతిక శక్తి గల దేశం తరువాతి కాలంలో తడబడింది ఎక్కడో తెలుసా? పేరు దగ్గర! పౌరులందరికీ ‘మై నంబర్’ పేరిట 12 అంకెల సంఖ్య ఇచ్చి, ఆరోగ్య బీమానూ బ్యాంకు ఖాతాలనూ దానితో కలిపారు. 2023లో తప్పులు వరుసగా బయటపడ్డాయి. సుమారు 7,300 సందర్భాల్లో ఒకరి బీమా వివరాలు మరొకరి సంఖ్యకు జతపడ్డాయి. పేరు, పుట్టిన తేదీ వంటివి కలిస్తే చాలనుకుని, చిరునామా దాకా సరిచూడకుండా కలిపేయడం ఇందుకు ఒక కారణం. పౌరుని సొంత ఖాతా ఉండవలసిన చోట కుటుంబంలో మరొకరి ఖాతా నమోదైన ఉదంతాలు సుమారు 1,30,000. వీటిని యంత్రం పట్టుకోలేకపోయింది. ఎందుకంటే ప్రభుత్వ రికార్డులో పేరు కాంజీ లిపిలో, బ్యాంకులో కతకానా లిపిలో ఉంది. ఒకే కాంజీ పేరును పలు విధాలుగా చదవవచ్చు. దానికి ఏ ఉచ్చారణ సరైనదో ప్రభుత్వ రికార్డులో లేదు. సంబంధిత మంత్రి కోనో తారో మూడు నెలల మంత్రి జీతాన్ని వదులుకోవలసి వచ్చింది.

అటుపిమ్మట జపాన్ చేసిన పని గమనించదగ్గది. చట్టం సవరించి, 2025 మే 26 నుంచి కుటుంబ రిజిస్టరులో పేరు ఉచ్చారణను కూడా చేర్చడం మొదలుపెట్టింది. “మీ పేరును ఇలా నమోదు చేయబోతున్నాము, తప్పైతే ఏడాదిలోగా తెలపండి” అన్న భావంతో ప్రజలకు ఉత్తరాలు పంపింది. అంటే యంత్రం తేల్చలేని విషయాన్ని మనిషినే అడిగింది.

నాలుగు అక్షరాలు, ఒక ‘జ’

ఈ చిక్కు మన ఇళ్లకు కొత్తదేమీ కాదు. ఉర్దూలో ‘ముహమ్మద్’ అని రాయడానికి నాలుగే అక్షరాలు. హ్రస్వ స్వరాలు మామూలుగా రాయము. కనుక ఇతర లిపుల్లో ఎవరి చెవికి తోచినట్టు వారు రాస్తారు. మహమ్మద్, మొహమ్మద్, మహ్మద్, చివరికి ‘ఎండీ’. జాకిర్, జహీర్, రజియా, జుబేదా పేర్లలో ఉర్దూకు జాల్, జోయ్, జ్వాద్, జే అనే నాలుగు వేర్వేరు అక్షరాలున్నాయి. తెలుగులో అన్నిటికీ ఒకటే ‘జ’. ఇంగ్లీషులో ఒక గుమాస్తా జెడ్ వేస్తే మరొకరు జే వేస్తారు. పెళ్లికి ముందు ‘బీ’ అయిన అమ్మాయి తరువాత ‘బేగం’ అవుతుంది. ఒకే మనిషి రికార్డుల్లో నలుగురవుతాడు. నలుగురు షేక్ మహబూబ్‌లు ఒక్కడైపోవడమూ కద్దు.

ఇది కేవలం ఊహ కాదు. తెలంగాణలో ‘సమగ్ర వేదిక’ అనే ఏర్పాటు వివిధ శాఖల రికార్డులను పేరు, చిరునామా వంటి వివరాల ఆధారంగా జతచేస్తుంది. ఒకే రకం పేరున్న మరొకరి కారును పేదవాడి ఖాతాలో వేసి, ఆ కుటుంబాన్ని అనర్హులుగా లెక్కగట్టిన ఉదంతం 2024లో పత్రికలకెక్కింది. అంతకుముందే, 2022 ఏప్రిల్‌లో, రాష్ట్రంలో 2016 నుంచి రద్దయిన 19 లక్షలకు పైగా రేషన్ కార్డులను క్షేత్రస్థాయిలో మళ్లీ పరిశీలించాలని సుప్రీంకోర్టు ఆదేశించింది. కార్డు కొట్టివేసేముందు గుమ్మం దాకా వచ్చి ఒక్కమాట అడిగి ఉంటే కోర్టు దాకా వెళ్లవలసిన అగత్యం ఉండేదా?

నిజానికి ఒకే పేరుగల ఇద్దరిని వేరుచేసే విద్య మన మదరసాలకు బాగా తెలిసినదే. హదీసు విద్వాంసులు ఉల్లేఖకుల పేర్లను ఎంత లోతుగా పరిశీలించారో విదితమే. పేర్లు ఒకటే అయినా మనుషులు వేరైనవారి గురించి ఖతీబ్ బగ్దాదీ (మరణం హిజ్రీ 463, క్రీ.శ. 1071) ఏకంగా ఒక గ్రంథమే రాశారు. తండ్రి ఎవరు, ఊరు ఏది, గురువులెవరు, ఏ కాలంవాడు అని ఆరా తీసేవారు. అప్పటికీ తేలకపోతే తీర్పును ఆపి ఉంచేవారు. తేలనప్పుడు ఆగడం, ఇదే నేటి యంత్రాలకు నేర్పవలసిన మొదటి పాఠం.

దొంగ కార్డులు ఉన్నమాట నిజం. పేదల బియ్యం పక్కదారి పట్టకుండా కంప్యూటర్ కొంత అడ్డుకుందన్నదీ నిజం. దానిని కాదనడం మా ఉద్దేశం కాదు. అనుమానాన్ని చూపడం యంత్రం పని కావచ్చు. శిక్ష వేయడం మాత్రం దాని పని కారాదు. లబ్ధి ఆపేముందు, యంత్రం ఏ రికార్డును దేనితో కలిపిందో తెలుపుతూ బాధితునికి తెలిసిన భాషలో నోటీసు ఇవ్వాలి. జవాబు చెప్పుకునే గడువుండాలి. అది తేలేదాకా బియ్యం ఆగకూడదు. “సిస్టంలో అలా వచ్చింది” అనడం జవాబు కాదు, సంతకం పెట్టే అధికారి ఒకరుండాలి. కూలిపనితో వేళ్లు అరిగిన ముసలివారికి వేలిముద్ర పడకపోతే వేరే మార్గం చూపాలి. ముఖాలు పోల్చే కెమెరాలకూ ఇదే న్యాయం వర్తించాలి. అక్కడ జరిగే పొరపాటుకు పోయేది బియ్యం కాదు, మనిషి పరువు.

మన వంతు పనీ ఉంది. అఖీఖా నాడు బిడ్డకు పేరు పెట్టేటప్పుడే ఉర్దూ, తెలుగు, ఇంగ్లీషు మూడింటిలో స్పెల్లింగు ఖాయం చేసి ఒక కాగితం మీద రాసి ఉంచండి. జనన ధ్రువపత్రం, బడి, ఆధార్ అన్నిటా అదే రాయించండి. రద్దు కాగితం ఏది వచ్చినా, ఏ అర్జీ ఇచ్చినా రసీదుతో సహా భద్రపరచండి. మసీదు కమిటీలు జుమా తరువాత ఒక గంటసేపు చదువుకున్న కుర్రవాళ్లను కూర్చోబెడితే, ఎన్నో కుటుంబాల కాగితాల్లోని తేడాలు ముందే బయటపడతాయి.

పేరు సరిగ్గా రాయించుకోవడం మన బాధ్యత. ఆ పేరుగల మనిషిని అడగకుండా కొట్టివేయకపోవడం ప్రభుత్వ బాధ్యత. ఈ రెండోది లేనంతకాలం ఎన్ని చిప్పులు అమర్చినా అది అందరి సమాజం కాజాలదు.