పీవీని దింపింది ఏ తీర్పు?

"ముల్కీ తీర్పే అంతిమం అని నోరు జారి పీవీ కుర్చీ పోగొట్టుకున్నాడు." 1972 నాటి ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి పీవీ నరసింహారావు గురించి ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీదా, తార్నాక చాయ్ దుకాణాల దగ్గరా రాజకీయం నడిచినప్పుడల్లా వినబడే మాట ఇది. లాయరు కదా, కోర్టు మాట తప్ప జనం మాట పట్టదని పైనుంచి ఒక ముక్తాయింపు. లా చదివే పిల్లలూ తలూపుతారు. నేను ఒప్పుకోను.

తేదీలు చూడండి. 1972 మేలోనే వ్యవసాయ భూముల అమ్మకాలకు, బదిలీలకు అడ్డుకట్ట పడింది. సెప్టెంబరులో శాసనసభ భూ పరిమితి బిల్లును ఆమోదించింది. ఐదుగురున్న కుటుంబానికి నేలను బట్టి మాగాణి 10 నుంచి 27 ఎకరాలు, మెట్ట 35 నుంచి 54. తెలంగాణలో ఉద్యోగాలు స్థానికులకే అనే ముల్కీ నిబంధనలు చెల్లుతాయని సుప్రీంకోర్టు చెప్పింది ఆ తర్వాత, అక్టోబరు 3న. అప్పటికే పెద్ద ఆసాములకు కంటిమీద కునుకు లేదు. మార్చి ఎన్నికల్లో వెనుకబడిన కులాలవాళ్లకు టికెట్లిచ్చి పీవీ పాత పెద్దల కంట్లో నలుసయ్యారు కూడా.

ఆ తీర్పు మీద ఆంధ్ర ప్రాంతంలో లేచిన జై ఆంధ్ర ఉద్యమంలో విద్యార్థుల, గుమాస్తాల ఉద్యోగ భయం నిజం. తుపాకీ గుళ్లకు పోయిన ప్రాణాలూ నిజం. 1969లో ఉద్యోగాల కోసమే రగిలిన ఈ ఉస్మానియా క్యాంపస్‌కు ఆ బాధను తీసిపారేసే హక్కు లేదు. కానీ ఉప ముఖ్యమంత్రి బి.వి. సుబ్బారెడ్డే రాజీనామా చేసి ఉద్యమం ముందు నిలవడాన్ని ఒక్క ముల్కీతోనే సరిపెట్టుకోగలమా? 1973 జనవరిలో పీవీ దిగిపోయారు. ఉద్యోగాల తగవుకు ఆ సెప్టెంబరులోనే ఆరు సూత్రాల పథకం వచ్చింది. భూ చట్టం మాత్రం 1975 జనవరి 1న గాని అమల్లోకి రాలేదు. గొడవంతా ముల్కీదే అయితే భూమి ఎందుకు ఆగాలి? ఈలోగా ఒకే పొయ్యి మీద వండుకు తినే అన్నదమ్ములు కాగితం మీద వేరుపడ్డారు. జీతగాళ్ల పేర్లు పహాణీకెక్కాయి. పంట మాత్రం దొరగారి గాదెకే చేరింది.

లాయర్లు గద్దెనెక్కితే ఇంతేననే వాళ్లు కెన్యా చార్లెస్ న్జోంజోనూ ఇదే గాటన కడతారు. ఆయన 1963 నుంచి 1980 దాకా అటార్నీ జనరల్, ఆపైన మంత్రి. 1983లో ద్రోహి ముద్ర పడి పదవి పోయింది, విచారణ నడిచింది, 1984లో అధ్యక్షుడు మోయ్ క్షమించారు. న్జోంజోను నిలబెట్టిందీ పడగొట్టిందీ అధ్యక్షుడి దయే. వందేమాతరం పాడి 1938లో ఉస్మానియా చదువుకు దూరమై, నాగపూర్‌లో లా చదివి, బూర్గుల రామకృష్ణారావు దగ్గర జూనియర్‌గా పనిచేసిన పీవీ మాత్రం తాను తెచ్చిన చట్టానికే మూల్యం చెల్లించారు.

పీవీని తప్పుపట్టాలంటే ఇక్కడ పట్టండి: కౌలుదార్లను, కూలీలను ఊరూరా కూడగట్టకుండా ఇంత పెద్ద చట్టాన్ని ఢిల్లీ అండతోనే నెగ్గించుకోవచ్చనుకున్నారు. ప్రధాని ఇందిర చెయ్యి వదిలేసిన రోజున, ఆ చట్టం వల్ల భూమి రావలసిన వాళ్లెవరూ ఆయన కోసం రోడ్డెక్కలేదు.