తండ్రి సంతకం.. బిడ్డ పౌరసత్వం

పౌరసత్వం అన్న మాటకు మిగతా తెలుగు ఊళ్లలో లేని బరువు యానాంలో ఉంది. ఫ్రాన్సుతో కుదిరిన విలీన ఒప్పందం 1962 ఆగస్టు 16న అమల్లోకి వచ్చింది. పుదుచ్చేరి, కారైకాల్, మాహె, యానాంలలో పుట్టి అక్కడే ఉంటున్న ఫ్రెంచి జాతీయులు భారత పౌరులయ్యారు. ఫ్రెంచి వారిగానే ఉండిపోతామనే వారికి ఆరు నెలల గడువిచ్చారు. ఆలోగా రాతపూర్వకంగా చెప్పాలి. అటో ఇటో తేల్చుకోవాలి తప్ప రెండూ కావాలంటే మన చట్టం ఒప్పుకోదు.

ఆ ఒప్పందంలో పెద్దగా చర్చకు రాని మాట ఒకటుంది. పెళ్లికాని, 18 ఏళ్లు నిండని పిల్లల జాతీయత తండ్రి ఎంపికను బట్టే ఖరారవుతుంది. తండ్రి లేకపోతే తల్లి, ఇద్దరూ లేకపోతే సంరక్షకుడు నిర్ణయించాలి. అంటే సంతకం పెద్దలది, ఫలితం పిల్లలది.

ఆరు దశాబ్దాలు గడిచినా ఈ చిక్కు తీరలేదు. పైగా ఇంటింటికీ వచ్చింది. బళ్లారిలో, హోసూరులో, బరంపురంలో ఉంటున్న తెలుగువారికి రాష్ట్రం హద్దు దాటితే భాష, బడి, రేషన్ కార్డు మారతాయి గానీ పౌరసత్వం మారదు. రాజ్యాంగం దేశమంతటికీ ఒకటే పౌరసత్వం ఇచ్చింది. దేశం హద్దు దాటి అక్కడి పౌరసత్వం తీసుకుంటే మాత్రం కథ వేరు. 1955 నాటి పౌరసత్వ చట్టం 9వ సెక్షన్ ప్రకారం మన పౌరసత్వం దానంతటదే పోతుంది. పాస్‌పోర్టు తిరిగి అప్పగించాల్సిందే.

మరి ఓసీఐ కార్డు ఉంది కదా అంటారు. 2005లో మొదలైన ఈ పథకం కింద తొలి కార్డులు 2006 జనవరిలో హైదరాబాద్‌లోనే ఇచ్చారు. పేరులో పౌరసత్వం ఉంది, చేతిలో లేదు. జీవితాంతం వీసా లేకుండా రావచ్చు, పోవచ్చు. ఓటు లేదు, ఎన్నికల్లో నిలబడే వీల్లేదు. పొలం వారసత్వంగా వస్తే సరే, కొనడానికి లేదు. 2021 మార్చి నోటిఫికేషన్‌తో నీట్, జేఈఈ లాంటి పరీక్షల్లో ఓసీఐ పిల్లలను ఎన్నారై సీట్లకే పరిమితం చేశారు. అంతకుముందే కార్డు తీసుకున్నవారికి ఇది వర్తించదని 2023లో సుప్రీంకోర్టు చెప్పాక కొందరికి ఊరట దక్కింది.

ద్వంద్వ పౌరసత్వం వద్దనేవారి వాదనలో పస లేకపోలేదు. రెండు దేశాల్లో ఓటేసి, ఒక దేశంలోనే పన్ను కడతామంటే ఎలా? రేపు యుద్ధం వస్తే ఎటు నిలబడతారు? రెండు పడవల మీద కాళ్లు పెట్టడం ఎవరికైనా ప్రమాదమే. తెలిసి, ఆలోచించి పరాయి పౌరసత్వం తీసుకున్న పెద్దలు ఆ లెక్క తామే చూసుకోవాలి. అసలు ప్రశ్న పిల్లల గురించి.

పెద్దవారు పౌరసత్వాన్ని స్వయంగా వదులుకుంటే మైనర్ పిల్లలదీ పోతుంది. అయితే మేజరైన ఏడాదిలోగా తిరిగి తీసుకునే అవకాశం 8వ సెక్షన్‌లో ఉంది. కానీ విదేశీ పౌరసత్వం తీసుకున్నవారు 9వ సెక్షన్ కిందికి వస్తారు కాబట్టి వారి పిల్లలకు ఈ అవకాశం లేదని 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు తేల్చేసింది. సింగపూర్ పౌరులైన దంపతుల కొడుకు కేసు అది. మద్రాసు హైకోర్టులో గెలిచి, ఢిల్లీలో ఓడిపోయాడు. చట్టంలో ఉన్న మాటే కోర్టు చెప్పింది. తప్పు పట్టాలంటే చట్టాన్నే పట్టాలి.

విచిత్రమేమిటంటే ఇదే చట్టం మరోచోట పిల్లలకు రెండు పౌరసత్వాలుండే పరిస్థితిని ఒప్పుకుంటోంది. వారసత్వంగా భారత పౌరులై, మరో దేశ పౌరసత్వం కూడా ఉన్న మైనర్లు, మేజరైన ఆరు నెలల్లోగా రెండోది వదులుకోవాలని 4వ సెక్షన్ చెబుతోంది. అంటే అప్పటిదాకా ఆగుతుందన్నమాటే. విదేశంలో బిడ్డ పుట్టిన ఏడాదిలోగా మన కాన్సులేట్‌లో నమోదు చేయించాలి, బిడ్డకు వేరే దేశం పాస్‌పోర్టు లేదని రాసివ్వాలి. అమెరికా పాస్‌పోర్టు తీసేసుకున్నాక ఈ సంగతి తెలిసినా చేసేదేముంది?

దారి పూర్తిగా మూసుకుపోలేదు. అయిదేళ్లు ఓసీఐ కార్డు ఉండి, ఏడాది ఇక్కడ నివసిస్తే పౌరసత్వానికి దరఖాస్తు చేసుకోవచ్చు. అది సర్కారు దయ మీద ఆధారపడిన దరఖాస్తు. హక్కు కాదు.

పార్లమెంటు చేయాల్సింది పెద్దదేమీ కాదు. 8వ సెక్షన్‌లో ఉన్న ఏడాది గడువును విదేశీ పౌరసత్వం తీసుకున్నవారి పిల్లలకూ వర్తింపజేస్తే చాలు. రెండో పౌరసత్వం వదులుకోవాలన్న షరతు పెట్టినా అభ్యంతరం ఉండదు. ఒక్కటే పౌరసత్వం అన్న మాటకూ భంగం రాదు. ఆ ఒక్కటి ఏదో ఎంచుకునే మాట మాత్రం 18 ఏళ్లు నిండిన పిల్లలకే వదలాలి.