కృష్ణన్ గెలుపులకు తరుగు తీయొద్దు

రామనాథన్ కృష్ణన్ 1960, 1961ల్లో వరుసగా వింబుల్డన్ సెమీఫైనల్ ఆడాడు అనగానే ఒక మాట సిద్ధంగా ఉంటుంది: "అవి అమెచ్యూర్ రోజులు కదా! అసలు మొనగాళ్లంతా ప్రొఫెషనల్స్‌లోకి వెళ్లిపోయాక మిగిలినవాళ్లతో ఆడాడు." ఆట బాగా తెలిసినవాళ్లే ఇలా అంటుంటే మనసు చివుక్కుమంటుంది.

ఇందులో నిజం లేకపోలేదు. డబ్బు తీసుకుని ఆడుతున్నందుకు గొంజాలెస్, హోడ్, రోజ్‌వాల్‌లను వింబుల్డన్ గడప తొక్కనివ్వలేదు. 1963లో రాడ్ లేవర్ ప్రొఫెషనల్ అయిన కొత్తలో హోడ్, రోజ్‌వాల్ అతన్ని చిత్తుచిత్తుగా ఓడించారు కూడా. మనవాళ్లు కథ అక్కడితో ఆపేస్తారు. రెండు మూడేళ్లు తిరక్కుండానే లేవర్ వాళ్లందరినీ దాటేశాడు. అందరికీ తలుపులు తెరిచాక 1969లో నాలుగు గ్రాండ్‌స్లామ్‌లూ ఒకే ఏడాది గెలిచాడు. ఆ లేవర్‌నే 1959లో బోస్టన్‌లో, డేవిస్ కప్‌లో, కృష్ణన్ నాలుగు సెట్లలో ఓడించాడు. 1961 వింబుల్డన్ క్వార్టర్స్‌లో రాయ్ ఎమర్సన్‌ను 6-1, 6-4, 6-4తో ఇంటికి పంపాడు. రెండు సెమీస్‌లోనూ అతన్ని ఆపింది ఆ ఏటి విజేతలే: ఫ్రేజర్, లేవర్.

కృష్ణన్ సర్వీస్‌లో జోరు లేదన్నది నిజమే. అతని బలం చేతి నేర్పులో ఉంది. బంతి లేస్తుండగానే అందుకుని ఖాళీలోకి తోసేవాడు. ప్రొఫెషనల్ ఆటకు టికెట్లు అమ్మి బతికే జాక్ క్రామర్ అలాంటివాణ్ని ఊరికే రమ్మంటాడా? కృష్ణనే వద్దన్నాడు. వెళ్లి ఉంటే డేవిస్ కప్‌కు దూరమయ్యేవాడు.

అప్పుడు 1966 కలకత్తా ఉండేదే కాదు. బ్రెజిల్‌తో చివరి మ్యాచ్, ఎదురుగా ఎడమచేతి వాటం థామస్ కాక్. కృష్ణన్ రెండు సెట్లు పోగొట్టుకుని, నాలుగో సెట్‌లో 2-5తో వెనకబడ్డాడు. ఓటమికి ఒక్క గేమ్ దూరం. అక్కడి నుంచి సెట్ లాక్కున్నాడు, మ్యాచ్ గెలిచాడు, భారత్‌ను మొదటిసారి ఫైనల్‌కు చేర్చాడు.

మెల్‌బోర్న్‌లో ఆ ఫైనల్‌ను ఆస్ట్రేలియా చేతిలో మనం 4-1తో ఓడాం. ఆ ఒక్కటీ డబుల్స్‌లో జైదీప్ ముఖర్జీతో కలిసి న్యూకోంబ్, రోచ్‌లపై కృష్ణన్ సాధించిందే. ఆ ఆస్ట్రేలియా జంట 1968, 1970 వింబుల్డన్ డబుల్స్ ఫైనల్స్‌లో, ప్రొఫెషనల్స్ అందరూ బరిలో ఉండగానే, స్టోల్, రోజ్‌వాల్‌లను ఓడించింది. అవును, ఆ రోజ్‌వాల్‌నే.